రెండో షిఫ్టు చదువు: ఐటీ సర్టిఫికేషన్ అభ్యాసంలో బర్న్‌అవుట్

డిగ్రీతో పాటు నెట్‌వర్కింగ్, క్లౌడ్ వంటి ఏదో ఒక రంగంలో సర్టిఫికేషన్ పరీక్షకు చదువుతున్న విద్యార్థుల కోసం ఈ భాగం. ఇందులో సాంకేతిక విషయం కొద్దిగానే ఉంటుంది. చదివే మనిషి గురించి ఎక్కువ ఉంటుంది. దీన్ని పూర్తిచేశాక మీరు మామూలు అలసటకూ బర్న్‌అవుట్‌కూ తేడా గుర్తించగలగాలి. మీ చదువు ప్రణాళికలో దేన్ని మార్చుకోవాలో నిర్ణయించుకోగలగాలి. ఎప్పుడు వైద్యుని దగ్గరకు వెళ్లాలో తెలుసుకోగలగాలి.

ఒక నమూనా వారం

దెందులూరులో ఉంటూ ఏలూరులోని ఒక కంప్యూటర్ల దుకాణంలో పనిచేసే విద్యార్థినిని ఊహించుకుందాం. దూరవిద్యలో బి.కాం. రెండో సంవత్సరం చదువుతోంది. సిస్కో సంస్థ ఇచ్చే సి.సి.ఎన్.ఎ. సర్టిఫికెట్ సంపాదిస్తే నెట్‌వర్క్ ఉద్యోగానికి దారి దొరుకుతుందని ఆమె ఆశ. ఉదయం తొమ్మిదింటికి బస్సో షేర్ ఆటోనో ఎక్కితే, తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. అమ్మకు వంటింట్లో సాయం, భోజనం, అంట్లు. తొమ్మిదిన్నరకు ల్యాప్‌టాప్ తెరిస్తే ఒంటిగంట దాకా వీడియో పాఠాలు. ఆదివారం డిగ్రీ తరగతులు.

మొదటి రెండు నెలలు హుషారుగానే గడుస్తాయి. మూడో నెలలో, నిన్న చేసిన సబ్‌నెట్టింగ్ లెక్క ఇవాళ రాదు. ల్యాప్‌టాప్ తెరవాలంటేనే విసుగు. పక్కింటి పిన్నిగారు "పరీక్ష ఎప్పుడమ్మా?" అని మామూలుగా అడిగినా చిరాకు వస్తుంది. నాలుగో నెలకు "ఈ సర్టిఫికెట్లన్నీ డబ్బు గుంజడానికే" అనిపిస్తుంది. ఆ వెనకే "అయినా నా వల్ల కాదులే" అన్న మాట కూడా వస్తుంది.

అప్పుడు ఆమె మొదట చేసే పని ఏమిటో మీరు ఊహించగలరు. ఒంటిగంట దాకా చదివేది రెండింటి దాకా చదువుతుంది. ఆ అదనపు గంట ఎందుకు పనిచేయదో, దాని బదులు ఏం చేయాలో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

ముందుగా లెక్క చూద్దాం. ఉద్యోగం, ప్రయాణం కలిపి రోజుకు పదకొండు గంటలు, వారానికి 66. రాత్రి చదువు మూడున్నర గంటల చొప్పున వారానికి 21. మొత్తం 87 గంటలు. ఇంటిపని, ఆదివారం తరగతులు ఇందులో కలపలేదు. నిద్రకు మిగిలేది అయిదు గంటలు. ఈ అమ్మాయికి పట్టుదల లేదని ఎవరైనా అంటే వారికి కూడికలు రావనుకోవాలి.

బర్న్‌అవుట్ అంటే ఏమిటి?

ఈ స్థితికి తెలుగులో ఒకే మాట స్థిరపడలేదు. డస్సిపోవడం, సొమ్మసిల్లడం వంటివి ఎక్కువగా శరీరానికి సంబంధించినవి. చమురు అయిపోయిన ప్రమిదలో వత్తే కాలడం మొదలవుతుంది చూడండి, అది దగ్గర పోలిక. ఈ పాఠంలో మాత్రం వాడుకలో ఉన్న బర్న్‌అవుట్ అనే మాటనే ఉంచుకుందాం.

ఈ పదాన్ని మనస్తత్వశాస్త్రంలోకి తెచ్చిన వ్యాసం 1974లో వెలువడింది. రచయిత హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, న్యూయార్క్‌లో మానసిక వైద్యసేవలు అందించిన మనస్తత్వవేత్త. పగలంతా తన సొంత ప్రాక్టీసు చూసుకుని, సాయంత్రం నుంచి పొద్దుపోయేదాకా పేదల కోసం నడిచే ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాడు. అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు కొన్ని నెలల తర్వాత నీరసించి, చిరచిరలాడుతూ, తాము చేసే పనినే వెక్కిరించే స్థితికి రావడం గమనించాడు. తనలోనూ అదే చూసుకున్నాడు. పగలు ఒక పని, రాత్రి రెండో షిఫ్టు: బర్న్‌అవుట్ అనే భావన పుట్టిందే మన దూరవిద్యార్థి బతుకులాంటి బతుకులో. ఆయన గమనించిన ఇంకో విషయం మరీ ముఖ్యం. ఈ స్థితికి ఎక్కువగా గురయ్యేది అంకితభావంతో పనిచేసేవారే. బద్ధకస్తుడు అంతదాకా రాడు. వాడు రెండో వారంలోనే మానేస్తాడు.

తర్వాత క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే పరిశోధకులు 1981లో దీన్ని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. ఆ పరిశోధన మూడు లక్షణాలను విడదీసి చూపింది: నిద్రపోయినా తీరని అలసట, చేసే పని పట్ల విముఖత, తనకేమీ చేతకాదన్న భావన. పైన మన విద్యార్థిని విషయంలో ఈ మూడూ వరసగా కనిపించాయి. మామూలు అలసటలో మొదటిదే ఉంటుంది. పెళ్లి పనులు చేసి అలసిన మనిషి రెండు రోజులు పడుకుని లేస్తే సరి. పెళ్లిమీద కోపం రాదు. చదువు మీదే కోపం వస్తోందంటే విషయం అలసటను దాటిందని అర్థం.

ఇక్కడొక సందేహం రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 వర్గీకరణ బర్న్‌అవుట్‌ను వృత్తి సంబంధమైన పరిణామంగానే నిర్వచించింది. దాన్ని జబ్బుగా చూపలేదు, జీవితంలోని ఇతర రంగాలకు ఈ మాట వాడవద్దని కూడా చెప్పింది. మరి విద్యార్థికి వర్తిస్తుందా? విల్మార్ షౌఫెలి, ఆయన సహ పరిశోధకులు 2002లో స్పెయిన్, పోర్చుగల్, నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో ఇవే మూడు లక్షణాలను పరిశీలించారు. చదువు కూడా గడువులు, తప్పనిసరి పనులు, ఫలితాలు ఉన్న పనే కదా అన్నది వారి వాదన. నాకు అది సబబుగానే తోస్తుంది. ఉద్యోగం చేస్తూ చదివేవారి విషయంలోనైతే అసలు సందేహమే అక్కర్లేదు.

చెరువు ఎందుకు తేలుతుంది?

దెందులూరు నుంచి దక్షిణంగా కొల్లేరు వైపు వెళ్తే చేపల చెరువులు కనిపిస్తాయి. వాటి దగ్గర పెరిగినవారికి ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. కొన్ని రోజుల్లో తెల్లవారుజామున బొచ్చెలు, శీలావతులు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గిందనడానికి అది గుర్తు. ఎండ ఉన్నంతసేపు నీటిలోని నాచు ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రి చేపలతో పాటు ఆ నాచు కూడా దాన్ని వాడుకుంటుంది. తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లుతూ ఇంకొంత లాగేస్తుంది. అందువల్ల తెల్లవారే ముందు మట్టం బాగా పడిపోతుంది.

అప్పుడు రైతు ఏం చేస్తాడు? చేపలు నీరసంగా ఉన్నాయని మేత పెంచడు. మొట్టమొదట మేత ఆపుతాడు. ఏరియేటర్లు తిప్పుతాడు, వీలైతే కొత్త నీరు పెడతాడు. చేప మంచిదా చెడ్డదా అన్న చర్చ అక్కడ ఉండదు. చూడవలసింది నీటిని.

బర్న్‌అవుట్ పరిశోధన కూడా ఇదే వైపు నడిచింది. మాస్లాక్, మైకేల్ లైటర్ 1997లో ప్రచురించిన పుస్తకంలో, మనిషికీ పనికీ మధ్య ఆరు చోట్ల పొంతన తప్పవచ్చని చెప్పారు: పనిభారం, పనిమీద అదుపు, ప్రతిఫలం, తోటివారి తోడు, న్యాయం, విలువలు. మన విద్యార్థిని సమస్య ఆమె మనోబలంలో ఉందనుకుంటే పరిష్కారం "ఇంకా గట్టిగా ప్రయత్నించు" అనే ఉపదేశం అవుతుంది. పొంతనలో ఉందనుకుంటే గంటలు, తేదీ, పద్ధతి, తోడు వంటివాటిని ఒక్కొక్కటిగా మార్చి చూడవచ్చు. దూరవిద్యార్థికి వీటిలో ఎక్కువగా దెబ్బతినేవి భారం, అదుపు, తోడు. వాటినే వివరంగా చూద్దాం.

భారం తగ్గించడం

చెరువు తేలినప్పుడు మేత ఆపినట్టే, మొదటి వారం కొత్త పాఠం ఏదీ మొదలుపెట్టకండి. చదువు మానేయమని కాదు. ఆ వారం మీకు కావలసింది నిద్ర. నిద్ర వల్ల చదువుకు నష్టమనుకునేవారు 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అమెరికాలో చేసిన ప్రయోగం గురించి తెలుసుకోవాలి. అర్థంలేని అక్షరాల జాబితాలు నేర్చుకున్నాక, మేలుకుని గడిపిన గంటల తర్వాత కంటే అన్నే గంటలు నిద్రపోయిన తర్వాత ఎక్కువ గుర్తున్నాయి. ఆ ప్రయోగంలో పాల్గొన్నది ఇద్దరు విద్యార్థులే. అయినా తర్వాతి కాలంలో జరిగిన పెద్ద పరిశోధనలు కూడా నిద్రకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధాన్ని బలపరిచాయి. రాత్రి ఒంటిగంట నుంచి రెండింటి దాకా చదివినది నిలవాలంటే కావలసిన నిద్రనే ఆ గంట తినేస్తుంది.

రెండో వారం నుంచి కొత్త లెక్క. అయిదు రాత్రులు తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకు, అంటే ఏడున్నర గంటలు. ఆదివారం తరగతికి వెళ్లే ముందు తెల్లవారుజామున రెండున్నర గంటలు. మొత్తం పది. ఆరో రాత్రి ఖాళీ. 21 గంటల నుంచి పదికి దిగడం చాలామందికి ఓటమిలా కనిపిస్తుంది. ఇంకా వంద గంటల చదువు మిగిలి ఉందనుకోండి. వారానికి పది గంటల చొప్పున పది వారాల్లో పూర్తవుతుంది. కాగితం మీద 21 గంటల పద్ధతిలో అయిదు వారాల్లో అయిపోవాలి. కానీ నాలుగో నెలలో ఉన్న ఆ అమ్మాయి రాత్రి పన్నెండు తర్వాత చూసిన వీడియోలను మర్నాడు మళ్లీ చూస్తోంది. ఒకే పాఠాన్ని రెండుసార్లు చూసి రెండు పాఠాలుగా లెక్కవేసుకోవడం కిరాణా కొట్టు ఖాతాలో కూడా చెల్లదు.

తగ్గించిన గంటల్లో ఏం చదవాలన్నది తర్వాతి ప్రశ్న. సి.సి.ఎన్.ఎ. ప్రస్తుత పరీక్షలో నెట్‌వర్క్ మూలాంశాలకు 20 శాతం, నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, ఐపీ కనెక్టివిటీకి 25, ఐపీ సేవలకు 10, భద్రతకు 15, ఆటోమేషన్‌కు 10 శాతం చొప్పున భారం ఉంది. అంటే మొదటి మూడు అధ్యాయాల్లోనే 65 శాతం. అలసిన మనిషి చివరి అధ్యాయం నుంచి భయపడతాడు. చదవవలసింది మొదటి మూడింటిని.

చదివే పద్ధతి కూడా భారంలో భాగమే. రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు పాఠాన్ని పదేపదే చదివారు, ఇంకొందరు ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మొదటివారిదే పైచేయి. వారం తర్వాత పెడితే రెండోవారిది. తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా మాత్రం పదేపదే చదివినవారికే ఎక్కువ! వీడియో పాఠాలతో జరిగేది ఇదే. చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టుంటుంది, వారం తర్వాత నమూనా పరీక్షలో చేయి ఆడదు, "నాకు చేతకాదు" అన్న భావన బలపడుతుంది. బర్న్‌అవుట్ మూడో లక్షణంలో కొంత భాగం ఇలా పద్ధతి లోపం వల్ల పుట్టినదే. అందుకని ఇరవై నిమిషాల వీడియో చూస్తే, దాన్ని ఆపి ఇరవై నిమిషాలు కాగితం మీద సబ్‌నెట్ లెక్కలు చేయండి, లేదా సిస్కో ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్‌లో రెండు రౌటర్లు కలిపి చూడండి. పింగ్ వెళ్లి తిరిగి వచ్చినప్పుడు కలిగే చిన్న సంతోషం కూడా ప్రతిఫలమే.

అదుపు: తేదీ ఎవరిది?

సంప్రదింపు తరగతుల్లో విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న "మాస్టారూ, రోజుకు ఎన్ని గంటలు చదవాలి?" అని. నేను తిరిగి అడిగేది, "పరీక్ష తేదీ ఎవరు పెట్టారు?" అని. చాలాసార్లు సమాధానం విచిత్రంగా ఉంటుంది. ముప్పై రోజుల్లో సర్టిఫికెట్ అనే ప్రకటన పెట్టింది. పాసైన బావమరిది పెట్టాడు. ఫీజు కట్టేశాం కాబట్టి వచ్చే నెలలోనే రాయాలని నాన్న పెట్టారు.

ఫీజు చిన్న విషయం కాదు. సి.సి.ఎన్.ఎ. పరీక్ష రుసుము 300 డాలర్లు, అంటే మన డబ్బులో ఇరవై వేలు దాటిన మొత్తం. దాన్ని అప్పుచేసి కట్టిన ఇంట్లో "ఇంకా ఎప్పుడు?" అన్న ప్రశ్న సహజం. అందుకే నా సలహా: చదువు మొదలుపెట్టిన రోజే ఫీజు కట్టవద్దు. రెండు నమూనా పరీక్షల్లో మీరు పెట్టుకున్న మార్కు దాటాకే తేదీ తీసుకోండి. ఇప్పటికే తీసుకున్నవారు కంగారుపడనక్కర్లేదు. ఇటువంటి పరీక్షల్లో సాధారణంగా 24 గంటల ముందు వరకు తేదీ మార్చుకునే వీలుంటుంది. మీరు నమోదు చేసుకున్నప్పుడు చూపిన నిబంధనల్లో నిర్ధారించుకోండి. ఒకవేళ తప్పినా సిస్కో పరీక్షను అయిదు రోజుల తర్వాత, అమెజాన్ క్లౌడ్ పరీక్షను 14 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు, కాకపోతే మళ్లీ ఫీజు కట్టాలి. తప్పడం కంటే వాయిదా చౌక. ఈ లెక్కను నాన్నగారి ముందు కాగితం మీద వేసి చూపండి. "ఒత్తిడిగా ఉంది నాన్నా" అన్న మాటకంటే అది త్వరగా అర్థమవుతుంది. దుకాణం యజమానిని కూడా "పది వారాల పాటు శనివారం ఆరింటికే వెళ్లనివ్వండి సార్" అని అడిగి చూడండి. గడువు చెప్పి అడిగిన కోరికకు ఒప్పుకోవడం ఎవరికైనా తేలిక.

మంచి ప్రణాళికలో జారుకు చోటుండాలి. ఎన్.పి.టి.ఇ.ఎల్. వారి 12 వారాల కోర్సుల్లో ఉత్తమమైన 8 అసైన్‌మెంట్ల మార్కులే లెక్కలోకి తీసుకుంటారు. నాలుగు వారాలు జ్వరమో, పంటకోతో, చెల్లెలి పెళ్లో వచ్చినా మనిషి మునిగిపోడు. మీ పది వారాల పట్టికలో కూడా కనీసం రెండు వారాలు ఖాళీగా ఉంచండి. డిగ్రీ పరీక్షలున్న నెలలో సర్టిఫికేషన్ తేదీ పెట్టుకోకండి. దాళ్వా కోతలయ్యాక డెల్టా కాలువలు కట్టేస్తారు. కాలువకు మరమ్మతు చేయాలంటే ముందు నీరు ఆగాలి కదా.

తోడు

ఒకప్పుడు మన జిల్లా కుర్రాళ్లు ఇలాంటి కోర్సులకు రైలెక్కి హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లేవారు. ఇరుకు హాస్టళ్లు, నీళ్ల చారు, గోడల నిండా కోర్సుల బ్యానర్లు. కష్టమే. కానీ పక్క మంచం మీద ఇంకొకడు అదే లెక్క తప్పుచేస్తూ కనిపించేవాడు. ఇప్పుడు అదే కోర్సు దెందులూరులోని మీ గదికి వచ్చింది. ఖర్చు తగ్గింది, తోడు పోయింది. దాని స్థానంలో వచ్చిన ఫోన్ గ్రూపుల్లో కనిపించేవి పాసైనవారి స్కోరు ఫొటోలే. మూడు నెలలుగా కుస్తీ పడుతున్నవాడు అక్కడ నోరు విప్పడు.

మీ అధ్యయన కేంద్రంలో అదే పరీక్షకు చదివేవారు ఒకరిద్దరైనా ఉంటారు. ఆదివారం తరగతి అయ్యాక అరగంట కూర్చుని, ఆ వారం రానిది ఏమిటో ఒకరికొకరు చెప్పుకోండి. వచ్చినదాని గురించి కాదు, రానిదాని గురించి. పరీక్ష గ్రూపులను రాత్రి పదకొండు తర్వాత మూగబరచండి. పని నుంచి మనసును పూర్తిగా విడదీయడం కోలుకోవడానికి ముఖ్యమని జొన్నెంటాగ్, ఫ్రిట్జ్ 2007లో ప్రచురించిన పరిశోధన చెబుతుంది. గ్రూపు చూస్తూ పడుకున్న గంటను విశ్రాంతి కింద రాసుకోలేం.

అలసినవారి దగ్గరికే వచ్చే ఇంకో ప్రలోభం "డంప్స్", అంటే పరీక్షలో వచ్చినవంటూ దొంగతనంగా అమ్మే ప్రశ్నలు. అవి వాడితే మీరు పరీక్షకు ముందు సంతకం చేసిన ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టే. ఫలితం రద్దుకావచ్చు, మళ్లీ రాయకుండా నిషేధించవచ్చు. అది అలా ఉంచి, ఇంటర్వ్యూలో ఒక రౌటర్‌ను ముందు పెట్టి "ఇది ఎందుకు పనిచేయడం లేదో చూడండి" అంటే ఆ జాబితాలో దానికి జవాబు ఉండదు.

బర్న్‌అవుట్ కానిది

ప్రతి నీరసానికీ ఈ పేరు పెట్టకూడదు. రక్తహీనత, థైరాయిడ్ సమస్య కూడా ఇలాగే కనిపించగలవు, ముఖ్యంగా సరిగా తినకుండా పనికి పరుగెత్తే అమ్మాయిల్లో. ఒక రక్తపరీక్షతో తేలే విషయాన్ని నెలల తరబడి మనోబలం ఖాతాలో వేయకండి.

బర్న్‌అవుట్‌లో విముఖత చాలావరకు ఆ పనికే పరిమితం. పుస్తకం మూసి మేనల్లుడితో ఆడుకుంటే నవ్వు వస్తుంది, సంక్రాంతికి ఊరంతా తిరగాలనిపిస్తుంది. అలాకాక ఇష్టమైన వాటన్నింటి మీదా ఆసక్తి పోయి, నిద్ర, ఆకలి చెడి, రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే అది డిప్రెషన్ కావచ్చు; దానికి చికిత్స ఉంది, వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగే ప్రసక్తే లేదు, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి సాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక విలువల సంగతి. కొందరికి గంటలు తగ్గించినా, తోడు దొరికినా విముఖత పోదు. వారు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ సర్టిఫికెట్ నాకు ఎందుకు? చాలా సర్టిఫికెట్లకు మూడేళ్ల గడువుంటుంది, తర్వాత పునరుద్ధరించుకోవాలి. మూడేళ్లకొకసారి తిరిగివచ్చే చదువును ఇష్టంలేకుండా మోయడం కష్టం. ఖాతాలు రాయడంలో ఆనందం పొందే బి.కాం. విద్యార్థి నెట్‌వర్కింగ్ వదిలి ట్యాలీ, జీఎస్టీ పనిలోకి వెళ్తే నేను దాన్ని మధ్యలో మానేయడం అనను.

అభ్యాసం

1. గడచిన వారంలో ఉద్యోగం, ప్రయాణం, ఇంటిపని, చదువు, నిద్రకు పట్టిన గంటలను విడివిడిగా రాయండి. మొత్తం 168 రావాలి. రాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో చూడండి.

2. మీ పరీక్షలోని విభాగాలు, వాటి శాతాలు రాసి, ఇప్పటివరకు ఒక్కోదానిమీద గడిపిన గంటలను ఎదురుగా వేయండి.

3. మీ పరీక్ష తేదీని ఎవరు నిర్ణయించారు? దాన్ని నాలుగు వారాలు జరిపితే ఏ నష్టం కలుగుతుందో రూపాయల్లో రాయండి. జవాబులను వచ్చే ఆదివారం సంప్రదింపు తరగతికి తీసుకురండి.